బ్యారెన్ ఐలాండా, బాలీనా, మారిషస్సా? వైజాగ్ నుంచి అగ్నిపర్వత దీవికి డైవింగ్ వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి

మొన్న సీతమ్మధార నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "బావా, డిసెంబర్లో పది రోజులు సెలవు దొరికింది. అగ్నిపర్వతం పక్కన స్కూబా డైవింగ్ చేయాలని ఉంది. బ్యారెన్ ఐలాండ్ వెళ్లమంటావా, బాలీ వెళ్లమంటావా?" అన్నాడు. వాడు ఇప్పటిదాకా సముద్రంలో దిగింది ఒక్కసారే, రుషికొండలో, ఇన్‌స్ట్రక్టర్ వెనక పట్టుకుని ఉంటే ఇరవై నిమిషాలు. ఫోన్లో గంటసేపు మాట్లాడుకున్నాం. ఇదే ప్రశ్న ఈ ఏడాది నన్ను ఇంకో నలుగురైదుగురు అడిగారు కాబట్టి, వాడికి చెప్పిందంతా కాస్త విడమర్చి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పటిదాకా మీరు ఎన్ని డైవ్‌లు చేశారు, చేతిలో ఏ సర్టిఫికెట్ ఉంది అన్నదాన్ని బట్టే దీవిని ఎంచుకోవాలి. పొగలు కక్కే కొండ ఫొటో చూసి టికెట్ కొన్నవాళ్లు అక్కడికి వెళ్లాక పడవలోనే కూర్చుండిపోవడం నేను చూశాను.

## అగ్నిపర్వతం వల్ల నీళ్ల కింద ఏం మారుతుంది?

ముందు మన వైజాగ్ తీరం చూడండి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి రాళ్లు ఖొండలైట్. ఇది తూర్పు కనుమల పాత రాయి, దీనికీ లావాకీ సంబంధం లేదు. భీమిలి వైపు ఇసుక అక్కడక్కడా నల్లగా కనిపిస్తే చాలామంది అగ్నిపర్వతం ఇసుక అనుకుంటారు కానీ అది ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాల నలుపు. మన తీరంలో నేల నెమ్మదిగా లోతెక్కుతుంది. నదుల మట్టి, అలల కలతతో నీళ్లు చాలా రోజులు మసకగానే ఉంటాయి. రుషికొండలో ఐదారు మీటర్ల దూరం స్పష్టంగా కనిపించిన రోజు మేం సంబరపడతాం.

అగ్నిపర్వత దీవి అలా ఉండదు. బ్యారెన్ ఐలాండ్ నీటిపైన కనిపించేది సుమారు 350 మీటర్ల ఎత్తే, కానీ ఆ కొండ మొదలు సముద్రం అడుగున రెండు వేల మీటర్లకు పైగా లోతులో ఉంది. అంటే ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లగానే కాళ్ల కింద నేల ఉండదు, నీలంగా అగాధం ఉంటుంది. పెద్ద నదులు లేవు కాబట్టి మట్టి తక్కువ, నీళ్లు అద్దంలా ఉంటాయి. అలా స్పష్టంగా ఉండటమే కొత్తవాళ్లకి ప్రమాదం కూడా, ఎందుకంటే పన్నెండు మీటర్ల దగ్గర ఉన్నాననుకుంటూనే పాతిక మీటర్లకి జారిపోతారు, గేజ్ చూసుకునే అలవాటు ఇంకా చేతికి వచ్చి ఉండదు. దీనికితోడు లోతైన నీళ్ల మధ్య ఒంటరిగా నిలబడిన కొండని ప్రవాహం చుట్టుకుని పోతుంది, ఆ కరెంట్ ఒక్కోసారి గట్టిగా లాగుతుంది.

## ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి?

మొదటిది సర్టిఫికెట్. ఏమీ లేకపోతే ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని 12 మీటర్లలోపు తిప్పుతాడు, అంతే. మొదటి కోర్సు ఓపెన్ వాటర్ ఉంటే 18 మీటర్లు, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ ఉంటే 30 మీటర్లు. "ఏం కాదు సార్, నేను చూసుకుంటా" అని సర్టిఫికెట్ లేనివాళ్లని పాతిక మీటర్లకి తీసుకెళ్లే షాపులు ఉన్నాయి. మా ఆఫీసులో ఒకతన్ని అలాగే తీసుకెళ్లారు. పైకి వచ్చేటప్పుడు అతను భయంతో వేగంగా వచ్చేశాడు, అదృష్టం బాగుండి చెవినొప్పితో పోయింది. అలా అనే షాపు ఏ దేశంలోదైనా, ఎంత పేరున్నదైనా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండోది రోజులు, దాని వెనకే విమానం. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, నేనైతే 24 గంటలు వదిలేస్తాను. ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి, గాలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అది బుడగలు కట్టి కీళ్లలో, నరాల్లో ఇబ్బంది పెడుతుంది. ఎత్తైన చోటికి కారులో వెళ్లినా ఇదే ప్రమాదం. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం అరకు బయల్దేరే వైజాగ్ వాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: ఆ దారిలో శిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు మర్నాటికి పెట్టుకోండి.

మూడోది సీజన్. ఒక దీవిలో బాగుండే నెల ఇంకో దీవిలో వానాకాలం. నాలుగోది మీతో ఎవరొస్తున్నారన్నది. డైవింగ్ చేయని అమ్మానాన్నలు, పిల్లలు మీ కోసం నాలుగు రోజులు గదిలో కూర్చోలేరు కదా.

ఐదోదాన్ని చాలామంది పట్టించుకోరు: ఏదైనా జరిగితే రీకంప్రెషన్ ఛాంబర్, అంటే ఒత్తిడి పెంచి ఒంట్లో బుడగల్ని మళ్లీ కరిగించే గది, ఎంత దూరం? బుడగల జబ్బుకి అదే వైద్యం. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిలో స్కూబా కవర్ కాదు, కవర్ అయినా ఒక లోతు దాకే. ఆ నిబంధన చదవండి, లేదంటే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి వాళ్ల దగ్గర డైవింగ్‌కే ప్రత్యేకంగా పాలసీ తీసుకోండి. డబ్బు సంగతి నేను ఆఖర్న పెడతాను, ఎందుకంటే పై ఐదూ కుదరని చోటికి చవగ్గా వెళ్లినా ఉపయోగం లేదు.

## బ్యారెన్ ఐలాండ్: అండమాన్

మన దేశంలో ఉన్న ఒకే ఒక్క క్రియాశీల అగ్నిపర్వతం ఇది. 1787లో బద్దలైనట్టు రికార్డు ఉంది, తర్వాత చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది, అప్పటి నుంచి ఉండి ఉండి బూడిద, లావా కక్కుతూనే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఊరికి, ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్లు. మనుషులు ఉండరు. దీవి మీద అడుగు పెట్టనివ్వరు, అటవీ శాఖ అనుమతితో పడవలోంచి చూడాలి, చుట్టూ డైవ్ చేయాలి.

నీళ్ల కింద మాత్రం నేను చూసినవాటిలో దీనికి సాటి లేదు. లావా గడ్డకట్టిన నల్లటి గోడలు నిలువుగా దిగిపోతుంటాయి, వాటి మీద పగడాలు, కింద చీకటి. మంటా రే కనిపించే అవకాశం ఎక్కువ. మన జాలరులు టేకు అంటారే, ఆ జాతిదే, కాకపోతే రెక్కలు చాపితే ఒక గది వెడల్పు. అది తలమీదుగా వెళ్తున్నప్పుడు ఊపిరి తీసుకోవడం ఆపకూడదని మనకి మనమే గుర్తుచేసుకోవాలి.

ఇక కష్టాలు. అక్కడికి డైవింగ్ పడవ నడిపేవాళ్లు కొద్దిమందే, సముద్రం శాంతంగా ఉండే రోజుల్లోనే, అదీ ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. గాలి మారితే ట్రిప్పు రద్దు. నా మొదటి ప్రయత్నం అలాగే పోయింది, కట్టిన అడ్వాన్స్‌లో సగమే వెనక్కి వచ్చింది. రెండో ఏడాది వెళ్లగలిగాను. అందుకే అడ్వాన్స్ కట్టేముందు వాతావరణం వల్ల రద్దైతే డబ్బు మొత్తం ఇస్తారా, లేక వేరే చోట డైవ్ చేయిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఛాంబర్ ఉన్న నౌకాదళ ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, అంటే మీకూ దానికీ మధ్య గంటల తరబడి సముద్ర ప్రయాణం. కనీసం పాతిక ముప్పై డైవ్‌లు, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్, కరెంట్‌లో దిగిన అనుభవం లేకుండా అక్కడికి వద్దు.

ఇంకో సంగతి, "అండమాన్ డైవింగ్" అంటే బ్యారెన్ కాదు. అందరూ వెళ్లేది హేవ్‌లాక్‌కి, అంటే స్వరాజ్ ద్వీప్‌కి. అది అగ్నిపర్వత దీవి కాదు. కానీ నేర్చుకోవడానికి దానికంటే మంచిచోటు మనకి దగ్గర్లో లేదు. వీసా అక్కర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ మాట అర్థమవుతుంది, పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వైజాగ్ పోర్టు నుంచి అప్పుడప్పుడూ ఓడ కూడా ఉంటుంది, దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. తేదీలు ఆఖరి నిమిషం దాకా తేలవు కాబట్టి సెలవు కొలిచి తీసుకునే ఉద్యోగస్తులకి పనికిరాదు. తేదీ కలిస్తే మాత్రం, తిరుగు ప్రయాణం ఓడలో అయినవాళ్లకి విమానం కోసం ఒక రోజు ఖాళీగా వదిలేసే పని ఉండదు.

## తులాంబెన్: బాలీ

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

బాలీ ఈశాన్య తీరంలో, మూడు వేల మీటర్లు దాటిన ఆగుంగ్ పర్వతం కింద, చిన్న పల్లె. 1942 జనవరిలో లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడని జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. మునిగిపోకుండా లాక్కొచ్చి తులాంబెన్ ఒడ్డున ఎక్కించారు. ఇరవై ఏళ్లకి పైగా అది అక్కడే ఒడ్డు మీద ఉంది. 1963లో ఆగుంగ్ బద్దలైంది, వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఆ కంపనాలకి ఓడ ఒడ్డు మీంచి జారి సముద్రంలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు అది ఐదు మీటర్ల లోతు నుంచి ముప్పై మీటర్ల దాకా పక్కకి ఒరిగి పడుకుని ఉంది, 120 మీటర్ల పొడవు. ఒడ్డు నుంచి నడిచి దిగి, ముప్పై నలభై మీటర్లు ఈదితే అక్కడ ఉంటారు. పడవ అక్కర్లేదు.

సర్టిఫికెట్ లేనివాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌తో ఓడ పైభాగం చూడొచ్చు, ఓపెన్ వాటర్ వాళ్లు మధ్యదాకా, అడ్వాన్స్‌డ్ వాళ్లు అడుగు దాకా. ఇంట్లో ముగ్గురికి మూడు రకాల అనుభవం ఉన్నా ముగ్గురూ ఒకే చోట దిగొచ్చు. ఇంత వెసులుబాటు మిగతా దీవుల్లో నాకు కనబడలేదు. తెల్లవారుజామున దిగితే నుదురు బుడిపెతో ఉండే పెద్ద చిలక చేపల గుంపు ఓడ దగ్గర తిరుగుతూ కనిపిస్తుంది. పొద్దెక్కాక టూరిస్టు బస్సులు వస్తాయి, నీళ్లలో మనుషులే ఎక్కువైపోతారు, అందుకే రాత్రి తులాంబెన్‌లోనే ఉండండి, కూటాలో ఉండి రోజూ రాకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి రెండున్నర మూడు గంటల దారి.

అక్కడ ఒడ్డు ఇసుక కాదు, గుండ్రటి నల్ల రాళ్లు. అలలో అవి కదులుతాయి, ట్యాంకు బరువుతో కాలు మడతపడుతుంది. మందపాటి అడుగున్న డైవింగ్ బూట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి, ఫిన్స్ నడుంలోతు నీళ్లలోకి వెళ్లాకే తొడుక్కోండి. ట్యాంకులు మాత్రం మీరు మొయ్యక్కర్లేదు, ఆ ఊరి ఆడవాళ్లు తలమీద పెట్టుకుని ఆ రాళ్ల మీదే గబగబా నడిచిపోతారు. ఫిషింగ్ హార్బర్లో తెల్లారకుండానే చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే మన అక్కలు గుర్తొచ్చారు నాకు. వాళ్లకి చేతిలో టిప్ ఇవ్వండి.

దారి తేలిక. వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం ఉంది, అక్కడి నుంచి బాలీ రెండున్నర మూడు గంటలు. రెండూ ఒకే టికెట్ మీద, లగేజీ నేరుగా బాలీ చేరేలా బుక్ చేయండి. విడివిడిగా కొంటే సింగపూర్‌లో లగేజీ తీసుకోవడానికి బయటికి రావాలి, దానికి వీసా కావాలి, అనవసరపు టెన్షన్. బాలీలో వీసా దిగాక ఇస్తారు, 5 లక్షల ఇండోనేషియా రుపియా, 30 రోజులకి. పైన టూరిస్టు పన్ను లక్షన్నర రుపియా.

సీజన్ ఏప్రిల్ నుంచి నవంబర్. డిసెంబర్, జనవరిలో కూడా డైవ్ చేయొచ్చు కానీ వాన నీళ్లు కొండ మీంచి బూడిద మట్టిని తెస్తాయి, మసకవుతుంది. శాకాహారులు టెంపే, గాడో గాడో తినొచ్చు కానీ పచ్చళ్లలో, సాస్‌లలో "తెరాసి" అనే రొయ్యల ముద్ద కలుపుతారు, ముందే వద్దని చెప్పండి.

అగ్నిపర్వతం వల్ల విమానాలు ఆగిపోవచ్చు, ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2017 నవంబర్లో ఆగుంగ్ బూడిదకి బాలీ ఎయిర్‌పోర్ట్ మూసేశారు. 2024 నవంబర్లో ఎక్కడో ఫ్లోరెస్ దీవిలో లెవోతోబి బద్దలైతే బాలీ విమానాలు రద్దయ్యాయి. తిరుగు ప్రయాణం మర్నాడే ఆఫీసుకి వెళ్లాలి అన్నట్టు ప్లాన్ వేసుకోకండి.

అరకు గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది: బాతూర్ పర్వతం సూర్యోదయం ట్రెక్ 1,717 మీటర్లు. ముందు ట్రెక్ చేసేసి, ఆ తర్వాతే డైవింగ్ పెట్టుకోండి. తులాంబెన్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవర్ కింటామణి మీదుగా కొండదారి పట్టబోతే, తీరం దారిలో పొమ్మనండి.

## మారిషస్

ఇది పుట్టుకతో అగ్నిపర్వత దీవే కానీ ఇప్పుడు చల్లారిపోయింది. గంగా తలావ్ అని భక్తితో వెళ్లే సరస్సు కూడా పాత అగ్నిపర్వతం నోట్లో నిలిచిన నీళ్లే. పొగ చూడాలనుకునేవాళ్లు ఇక్కడికి రాకండి.

అమ్మానాన్నలు, పిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం నా ఓటు దీనికే. చుట్టూ పగడపు దిబ్బ అడ్డుగా ఉండటంతో చాలాచోట్ల లోపలి నీళ్లు చెరువులా ఉంటాయి, పిల్లలు ఆడుకోవచ్చు. దిబ్బ దాటి బయటికి వెళ్తే ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ దగ్గర కెథడ్రల్ అనే లావా గుహ ఉంది, దాదాపు ముప్పై మీటర్ల లోతు, పైనుంచి వెలుతురు చారలుగా దిగుతుంది. అది అడ్వాన్స్‌డ్ వాళ్లకే. 1987లో కావాలని ముంచిన స్టెల్లా మారు ఓడ ఉత్తరాన ట్రూ ఓ బిష్ దగ్గర ఉంది. పగడాలు మాత్రం నీళ్లు వేడెక్కి బాగా దెబ్బతిన్నాయి, రంగులు చూడాలంటే ఇండోనేషియానే.

భారతీయులకి టూరిస్టు వీసా ఫీజు లేదు. ముంబై లాంటి పెద్ద ఊరి మీదుగా వెళ్లాలి కాబట్టి టికెట్ ఖరీదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ బాగుంటుంది, జనవరి నుంచి మార్చి తుఫాన్లు, జూలై ఆగస్టుల్లో నీళ్లు 22 డిగ్రీలకి పడిపోతాయి, 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ కావాలి. అక్కడ ఉగాది జాతీయ సెలవు. కూలీలుగా వెళ్లిన మనవాళ్ల మునిమనవళ్లు ఈనాటికీ పండగ చేసుకుంటారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దేశంలోనే. మా అమ్మకి డైవింగ్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

## ఒక్క చూపులో

| | బ్యారెన్ | తులాంబెన్ | మారిషస్ |
|---|---|---|---|
| కొండ | ఇప్పటికీ రగులుతోంది | ఉండి ఉండి బద్దలవుతుంది | చల్లారింది |
| ఎవరికి | 25 డైవ్‌లు దాటినవాళ్లకి | అందరికీ | కొత్తవాళ్లకి, కుటుంబాలకి |
| దిగేది | పడవ నుంచి | ఒడ్డు నుంచి | ఎక్కువగా పడవ నుంచి |
| మంచి నెలలు | ఫిబ్రవరి–ఏప్రిల్ | ఏప్రిల్–నవంబర్ | అక్టోబర్–డిసెంబర్ |
| ఛాంబర్ | పోర్ట్ బ్లెయిర్, చాలా దూరం | దెన్‌పసార్, రోడ్డు మీద | దీవిలోనే |
| డైవ్ చేయనివాళ్లకి | ఏమీ లేదు | గుళ్లు, ఊళ్లు, కొండలు | చాలా ఉంది |
| రద్దయ్యే భయం | ఎక్కువ | బూడిద వస్తే | తుఫాను వస్తే |

బండా దీవుల గురించి కూడా అడుగుతుంటారు. ఇండోనేషియాలో జాజికాయ పుట్టిల్లు అవి. 1988లో అక్కడి గునుంగ్ అపి లావా సముద్రంలోకి పారి దారిలో ఉన్న పగడాలని కప్పేసింది. ఐదేళ్లలోనే ఆ లావా మీద వందకి పైగా రకాల పగడాలు పెరిగాయని శాస్త్రవేత్తలు చూసి ఆశ్చర్యపోయారు. నాకు ఎప్పటికైనా వెళ్లాలని ఉంది. కానీ అంబోన్ దాకా విమానాలు మారి, మళ్లీ పడవ ఎక్కాలి, రెండు వారాలు చేతిలో లేకపోతే మొదలుపెట్టకండి.

## మరి మీరు ఏం చేయాలి?

సర్టిఫికెట్ లేదు, వారం సెలవు ఉంది, డైవింగ్ నిజంగా నేర్చుకోవాలని ఉందంటే ఈ ట్రిప్పుకి అగ్నిపర్వతాన్ని పక్కన పెట్టి స్వరాజ్ ద్వీప్‌లో ఓపెన్ వాటర్ చేయండి. మూడు నాలుగు రోజులు పడుతుంది, పాతిక నుంచి ముప్పై ఐదు వేలు అవుతుంది. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి. ఆస్తమా, సైనస్, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే వైజాగ్‌లోనే డాక్టర్‌కి చూపించుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక ఫారంలో "లేదు" అని టిక్ పెట్టి దిగొద్దు. నేను జలుబుతో దిగి పదిహేను రోజులు ఎడమ చెవి సరిగ్గా వినబడక తిరిగాను.

నేర్చుకునే ఓపిక లేదు, ఒక్కసారి చూస్తే చాలు, కానీ నల్ల రాళ్ల ఒడ్డు, కొండ, ఓడ కావాలి అంటే తులాంబెన్. ఓపెన్ వాటర్ చేసి నాలుగైదు డైవ్‌లే అయినవాళ్లకీ అదే, అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా అక్కడే చేసేయొచ్చు. భార్యాభర్తల్లో ఒకరు డైవర్, ఇంకొకరికి నీళ్లంటే భయం అయితే బాలీ, మారిషస్ రెండూ సరే, నేనైతే టికెట్ ధర చూసి తేల్చుకుంటాను. పాతిక ముప్పై డైవ్‌లు దాటి, ట్రిప్పు రద్దైనా కుంగిపోని వాళ్లకి బ్యారెన్.

మా వాడికి చెప్పింది ఇదే: డిసెంబర్లో స్వరాజ్ ద్వీప్‌కి వెళ్లి కోర్సు చెయ్యి, మే నెలలో తులాంబెన్‌కి నేనూ వస్తాను. రెండు రోజులు అలిగాడు. తర్వాత వాళ్ల ఇంటి దగ్గర స్విమ్మింగ్ పూల్లో చేరాడు, రోజూ పొద్దున్నే ఎన్ని మీటర్లు ఈదాడో మెసేజ్ పెడుతున్నాడు. నిన్నటికి 150 అయ్యింది.